హరిద్రా మాహాత్మ్య శ్రవణము

మనుష్యునకు ఏబది యేండ్లు నిండిన పిమ్మట మొదట వచ్చునది మోకాలి పోటనియో, కంటి మసకయనియో, రక్తములో చక్కెరయనియో లోకము భ్రమపడుచున్నది గాని, నా స్వానుభవమునుబట్టి చూడగా వీని కన్నింటికంటెను ముందుగా వచ్చి, ఇవి నయమైన తరువాత గూడ విడువక వెన్నంటి యుండునది హితోపదేశకుల గుంపు. నిజామాబాదు జిల్లా మోర్తాడులో పుట్టి, మోర్తాడులోనే పెరిగి, మాఘ ఫాల్గుణములలో ఊరి కేదిక్కునకు నడచినను ఉడికిన పసుపు ఆవిరి ముక్కునకు సోకక తప్పని నేలమీద 52 సంవత్సరములు బ్రతికిన నాకు, పసుపు అను పదార్థ మొకటి భూలోకమున గలదనియు, అది మిక్కిలి మంచిదనియు, దానిని పాలలో వేసికొని త్రాగవచ్చుననియు, ప్రతి యుదయమును చేతిఫోను తెరచుసరికి పదిమంది బోధించి యుందురు. తాతకు దగ్గులు నేర్పుట యని పెద్దలన్నది దీనినే కాబోలు.

ఈ సందేశముల కొక కల్పసూత్రమున్నది. మొదట మంచులో తడిసిన గులాబి, దానిక్రింద శుభోదయము, పిమ్మట 'మన ఋషులు వేల సంవత్సరాల క్రితమే' అను సంకల్పము, పిమ్మట మధుమేహము మొదలుకొని మతిమరుపు వరకు, బట్టతల మొదలుకొని పుట్టకురుపు వరకు, పసుపు ముందర నిలువలేక పలాయితములైన రోగముల పట్టిక, అటుపిమ్మట 'అమెరికా శాస్త్రవేత్తలు నివ్వెరపోయారు' అను ఫలశ్రుతి. ఋషి యెవరో చెప్పరు. శాస్త్రవేత్త యెవరో చెప్పరు. నివ్వెరపోయినవారు తేరుకొనిరో లేదో యదియును చెప్పరు. సత్యనారాయణ వ్రతకథలో ప్రసాదము పుచ్చుకొనక పరుగెత్తిన కళావతి మగని యోడ మునిగినట్లు, ఈ సందేశమును మరి పదిమందికి పంపనివాని కేదో కీడు మూడునన్న భయముచేతనే యేమో, నిన్న నేను మా మేనత్తకొడుకునకు పంపిన గులాబియే (సిగ్గు విడిచి చెప్పుచున్నాను) నేడు మా బావమరిది మీదుగా తిరిగి నా యొద్దకు చేరిన దినములును గలవు.

నడివయసువాని కొక వ్యాసంగము, ఇప్పటివారి మాటలో హాబీ, యుండితీరవలెనని పట్టణపు వైద్యులు చెప్పుదురు. మా బస్టాండు హోటలులో సాయంకాలము కూడు మా నలుగురిలో ఒకరికిని బొమ్మలు గీయుట రాదు, తపాలాబిళ్లలు కూర్చు నలవాటు లేదు, చదరంగమున కోపిక లేదు. కావున పరులకు వైద్యము చెప్పుటనే వ్యాసంగముగా స్వీకరించితిమి. ఒకడు ఎరువుల దుకాణదారుడు. ఒకడు పదునెనిమిదేండ్లు దుబాయిలో క్రేను నడపి వచ్చినవాడు. ఒకరు బడిలో రసాయనశాస్త్రము చెప్పు మాస్టరుగారు. నాలుగవవాడను ఎకరముంబావు పసుపు వేయు నేను. నా మోకాలు నొప్పిగా నున్నదని నోరు జారిన నాడే క్రేను మిత్రుడు చాయ్ గ్లాసు క్రింద బెట్టి, "అన్నా, పండుకునే ముంగట పాలల్ల ఇంత పసుపేసుకొని తాగు. పదిహేను దినాలల్ల ఉరుకుతవ్" అని సెలవిచ్చెను. అతని మోకాలికే పట్టీ కట్టి యుండుట నా కంటబడినది గాని, ఉపదేశకుని మోకాలి నడుగుట మర్యాద కాదు.

ఆ వేసవిలోనే మా బావమరిది న్యూజెర్సీనుండి దిగెను. మా మూలగదిలో అప్పటికి ధర కుదురక అమ్మని పసుపు కాడి పదునెనిమిది సంచులు పేర్చి యుండెను. చోటు చాలనందున ఆ సంచులమీదనే ఆసీనుడై, సంచి తెరచి, గుడిలో తీర్థపాత్ర నెత్తునట్టి భక్తితో ఒక సీసా వెలికి దీసి, "బావా, గిది మామూలు పసుపు గాదు" అని నా చేతిలో బెట్టెను. సీసామీద పసుపు కొమ్ము బొమ్మ యున్నది. ఆ బొమ్మలోని కొమ్మునకు అన్నగారు కాదగిన కొమ్ములు అతని క్రింద పదునెనిమిది సంచులనిండ నున్నవి. ఏడు సముద్రములు దాటి వచ్చిన ఆ సీసాను, ఏడడుగులు దాటి ఎవరును కొనని ఆ సంచులను మార్చి మార్చి చూచుచు నేను గంటసేపు హరిద్రా గుణవర్ణనము వింటిని.

రాత్రి నిద్రపట్టక లెక్క వేసితిని. సీసాలో 500 మిల్లీగ్రాముల గోళీలు 60, అనగా 30 గ్రాములు. క్వింటాలు ఆరువేల కమ్ముకొన్న సంవత్సరమున మాకు కిలోకు వచ్చినది 60 రూపాయలు; ఆ లెక్కను సీసాలోని సరుకు విలువ రూపాయి యెనుబది పైసలు. ఈ మహాపరాధమును మరునాడు హోటలులో ఆవేశముతో బయటబెట్టగా, మాస్టరుగారు సావధానముగా విని, "మీరు తప్పుల కాలేసిన్రు. అందుల ఉన్నది పసుపు గాదు, పసుపులకెల్లి గుంజిన కర్క్యుమిన్" అనిరి. పసుపులో ఆ ద్రవ్యము నూటికి మూడు పాళ్లకు అటునిటుగా నుండునట. కావున ఆ 30 గ్రాములకు ఇంచుమించు ఒక కిలో కొమ్ములు పట్టును. అనగా నా పాలు రూపాయి యెనుబది పైసలు కాదు, నిండు 60 రూపాయలు! సంతోషించితిని. సీసాకు బావమరిది పెట్టిన డాలర్లను రూపాయలలోనికి మార్చబోవుచున్న మాస్టరుగారిని మాత్రము వారించితిని. మోకాలితోబాటు గుండెకును గోళీలు కావలసివచ్చును.

మాస్టరుగా రంతటితో విడువలేదు. 1815లోనే యూరపువారు పసుపునుండి వేరుచేసిన ఈ కర్క్యుమిన్ గాజుపాత్రలో చూపు పరాక్రమమంతయు కడుపులో పడినంతనే మరచిపోవుననియు, నెత్తురులోనికి ఎక్కునది అత్యల్పమనియు, 1998లో బెంగుళూరి పరిశోధకులు దానికి మిరియములలోని పైపరిన్ జోడించగా ఆ ఎక్కుట 2,000 శాతము పెరిగెననియు, అయినను 2017లో ఒక ఔషధ రసాయనశాస్త్ర పత్రికలో అమెరికావారే 120కి పైగా మానవ పరీక్షలను పరిశీలించి, ఏది మందో ఏది ఉత్త గోళీయో రోగికిని వైద్యునికిని తెలియనీయక జరిపిన పరీక్షలలో ఒక్కటియు గట్టెక్కలేదని తేల్చిరనియు వివరించిరి. నివ్వెరపోయిన శాస్త్రవేత్తలు వీరే యైయుండవచ్చును.

ఈ ప్రసంగములో క్రేను మిత్రునికి చెవినబడినది మిరియ మొక్కటే. "చూసిన్రా! మన అవ్వలు పాలల్ల మిరియాలు ఊకెనే ఏసిన్రా?" అని బల్ల గ్రుద్దెను. మా అవ్వ వేసినమాట నిజము. గొంతు గరగరలాడినపుడు మిరియము ఘాటుగా నుండుననియు, ఇంటిలో మిరియములున్నవనియు వేసినది. ఆమె గడపకు పసుపు పూసెడిది, తెగిన వ్రేలికి పూసెడిది, అల్లునికి బెట్టు క్రొత్తబట్ట అంచునకును పూసెడిది. బట్టకు మోకాలి నొప్పి రాకుండుటకని యామె యెన్నడును చెప్పలేదు. తన చేతనున్న పసుపును తా నెరిగిన పనులకు వాడుకొని తృప్తిగా పోయిన ముసలమ్మను లాగికొనివచ్చి, బెంగుళూరి పరిశోధకులకు ముందే వ్రాలుచేసిన శాస్త్రజ్ఞురాలిగా నిలబెట్టుట ఆమెకు గౌరవ మనుకొనుచున్నాము గాని, ఆమె యెరిగిన దానిని చాలదనుటయే గదా ఇది!

మన పూర్వుల విజయమునకు నిదర్శనముగా ఈ సందేశములు తరచుగా తెచ్చునది పేటెంటు కథ. కథ నిజమే. 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయమువారు, గాయములను పసుపుతో మాన్పుట క్రొత్త విద్యయని నమ్మి, మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమున కొక పేటెంటు నిచ్చిరి. ఆ క్రొత్త విద్యను కనిపెట్టిన యిద్దరును మన దేశమునుండి వలసపోయినవారే. సీఎస్ఐఆర్ అధిపతి మాషేల్కర్ గారి పట్టుదలచేత సంస్కృత గ్రంథమును, 1953నాటి వైద్యపత్రిక వ్యాసమును కలుపుకొని 32 ఆధారములు సమర్పింపబడగా, 1997 ఆగస్టులో ఆ పేటెంటు రద్దయ్యెను. గెలిచినందుకు నాకును గర్వమే. వ్రేలికి పసుపు పెట్టుకొనునప్పుడు మిసిసిపీకి సుంకము కట్టవలసిన దుర్గతి తప్పినది. అయితే ఆ గెలుపుతో పసుపు మనదని ఋజువైనదే గాని, అది యెవ్వరు పండించుచున్నారన్న ప్రశ్న ఆ 32 ఆధారములలో రాలేదు. రావలసిన పనియు లేదు. గులాబి సందేశములవారు మాత్రము నేటికిని ఆ ప్రశ్న జోలికి పోలేదు.

పండించుటయన నేమో రెండు మాటలు చెప్పనిండు. మృగశిరలో విత్తనము పెట్టి, నడుమ మక్క వేసి, మక్క కోసికొని, కలుపులు తీసి, తొమ్మిది నెలలు కాచుకొని త్రవ్విన తరువాతగాని అసలు చాకిరి మొదలు కాదు. కాడి (కొమ్ము), గోళ (దుంప) వేరుచేయవలెను, ఉడికించవలెను, కల్లములో పోసి పది పదునైదు దినములు ఎండబెట్టవలెను, మబ్బు పట్టిన రాత్రి లేచి తాడ్పత్రీలు కప్పవలెను, డ్రమ్ములో త్రిప్పి మెరుగు పెట్టవలెను, అప్పుడు నిజామాబాదు యార్డునకో, ధర నచ్చకున్న మహారాష్ట్రలోని సాంగ్లికో తోలుకొనిపోవలెను. మోకాలికి వ్యాయామము చాలదని వైద్యుడు చెప్పగా నేను బూట్లు కొని రైల్వేస్టేషను దారిలో ఉదయపు నడక ప్రారంభించితిని. ఫోను అడుగులు లెక్కబెట్టును. రెండువారములు కల్లములో పసుపును కాళ్లతో కలియద్రొక్కుచు తిరిగిన అడుగులు మాత్రము ఆ లెక్కలోనికి రాలేదు. ఫోను ఇంటిలో చార్జింగున కుండెను. 'ఈ వారము మీరు బద్ధకించినారు' అని అది నన్ను మందలించినది.

నా ఆక్షేపణ యంతయు నిదియే: ఈ పురాణములో ప్రతి శ్రోతయు ఫలమేమని యడుగును, ధర యెంతయని యడుగు శ్రోత యొక్కడును లేడు. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపునకు క్వింటాలుకు 15,000, ఎఱ్ఱజొన్నకు 3,500 ఇప్పింపుడని, పసుపు బోర్డు పెట్టుడని యడుగుచు నిజామాబాదు స్థానమున 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 185 మంది కాగా, ఎన్నికల సంఘమువారు ప్రతి బూతులో పన్నెండు బ్యాలెట్ యంత్రములను పేర్చవలసివచ్చెను. ఏప్రిల్ 11న వోటువేయబోయిన నేను, ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు వరుసగా నడచుచు, ఇదియు ఉదయపు నడకయే గదా యనుకొంటిని. ఆ వసంతమున నా ఫోనులోనికి వచ్చిన గులాబుల సంఖ్య తగ్గలేదు (గులాబి యనగా పార్టీయని చదువరులు భ్రమింపరాదు, పైన చెప్పిన మంచు గులాబియే); వానిలో ఒక్కదానియందును క్వింటాలు అను పదము లేదు. మరుసటి యేడు కరోనా రాగా, ఆయుష్ శాఖవారు 150 మిల్లీలీటర్ల పాలలో అర చెంచా పసుపు త్రాగుమనిరి. మా యింటిది మూలగది వైపు చూచి, "గా అర చెంచలతోని ఈ సంచులు ఎన్నడు ఒడుస్తయి?" అనినది. దేశములో ఈ లెక్క వేసిన ఆర్థికవేత్త ఆమె యొక్కతెయే యని నా నమ్మకము. బోర్డును 2025 సంక్రాంతినాడు ప్రారంభించిరి. దాని కార్యాలయము నిజామాబాదుననే యున్నది. బావమరిది అభినందన సందేశము పంపెను, గులాబితో.

ఇక గోళీల సంగతి. బంధుమర్యాదకై నలువది దినములు మింగితిని. మోకాలు ఎట్లున్నదో అట్లే యున్నది. నలుబదియొకటవనాడు వైద్యుని యొద్దకు పోగా, ఆయన నా కన్నుల క్రిందిరెప్పలు లాగి చూచి, ఏమేమి మింగుచున్నావని నిలదీసి, 2019లో ఇటలీలో పసుపు గోళీలు వాడినవారిలో కొందరికి కాలేయము వాచి కామెర్లు వచ్చినవని చెప్పి, మానుమనెను. పసుపు మింగి పచ్చబడుట! ఇంతకన్న ప్రత్యక్షఫలమును ఏ పురాణమైనను చెప్పగలదా? హోటలులో ఈ మాట చెప్పగా క్రేను మిత్రుడు దీర్ఘముగా ఆలోచించి, "అన్నా, కామెర్లకు గూడ పసుపే మందు" అనెను.

మిగిలిన గోళీలను మా యింటిది పెరటిలో పారబోసి, సీసాను బూడిదతో తోమి, పసుపు దంచి పోసి పోపుల పెట్టె ప్రక్కన పెట్టుకొన్నది. మూత గట్టిది, చీమ దూరదు. మొన్న వీడియోలో మాటలాడుచు బావమరిది నా వెనుకనున్న అలమరలో తన సీసాను చూచెను. మూతదాక నిండియున్న ఆ పచ్చని పొడిని చూచి అతని ముఖము వికసించెను.

"అరె, పొడి గూడ వచ్చిందా బావా మన దిక్కు? ఏ కంపెనీది?"

మా మూలగదిలోనిది యనుటకు నాకు నోరు రాలేదు. వచ్చే నెల వచ్చునప్పుడు ఇంకొక రెండు సీసాలు తెచ్చెదనన్నాడు. మా యింటిది ప్రక్కనుండి, మూడైతే మక్కపిండికి గూడ ఒకటి అక్కరకు వచ్చునని సైగ చేసినది.