ఇనబడిందా తాతా?

మా రోజుల్లో బండి స్టార్ట్ కాకపోతే ముందు బానెట్ ఎత్తేవాళ్లం కాదు. సెల్ఫ్ కొట్టమని చెప్పి, పక్కన నిలబడి వినేవాళ్లం. ఇప్పుడు కాశీబుగ్గలో షెడ్డుకెళితే స్టీరింగు కింద ఓ పెట్టె గుచ్చి, దాని తెరవంక చూస్తారు. "ఏ కోడూ రానేదు తాతా, బేటరీ మార్సీద్దాం" అంటాడు గుంటడు. రోగం దొరక్కపోతే బేటరీయే రోగమా?

నేను అంబాసిడర్ తోలినవాణ్ణి. ఆ బండి తయారీ 2014లో ఆగిపోయింది గానీ దాని పాఠం ఆగలేదు. ఇంజను బరువుగా మూలుగుతూ తిరిగిందా, కరెంటు చాలట్లేదు: బేటరీ, టెర్మినళ్లు, ఎర్తు తీగ, సెల్ఫ్ మోటారులో కార్బన్లు చూడాలి. చురుగ్గా తిరుగుతూనే అందుకోలేదా, పెట్రోలో స్పార్కో అందట్లేదు. ఈ రెండు చప్పుళ్లకీ తేడా తెలియనివాడికి మా ఓనరు స్పానరు ఇచ్చేవాడు కాదు. సెల్ఫ్ చచ్చిపోతే ఇంజన్ని చేత్తో తిప్పే హ్యాండిలు ఉండనే ఉంది. దాన్ని పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. చుట్టి పట్టుకుంటే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. నాది ఇప్పటికీ తిన్నగా వంగదు.

వజ్రపుకొత్తూరులో మా మేనల్లుడి కారుకి అలాగే బేటరీ మార్చారు. మర్నాడు మళ్లీ అదే మూలుగు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమన్నాను. లైట్లు గుడ్డిదీపాలైపోయాయి. బేటరీ కొత్తది, అంటే కరెంటు దారిలో పోతోంది. నాలుగుసార్లు కొట్టించి ఎర్తు తీగ బాడీకి బిగించిన చోట చెయ్యి పెడితే వేడిగా ఉంది. ఉద్దానంలో సముద్రపు గాలికి కిటికీ ఊచలే నిలవవు, ఆ బోల్టెంత? విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, వాజలీన్ రాశాం. మీటరున్నవాడికి ఇంకా తేలిక: సెల్ఫ్ తిరుగుతుండగా బేటరీ మైనస్‌కీ ఇంజనుకీ మధ్య అర వోల్టు దాటితే తప్పు ఎర్తుదే. బేటరీ డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

ఆ గర్వంతోనే టెక్కలిలో అల్లుడి కారు దగ్గర నోరు జారాను. పొద్దున్నే సెల్ఫ్ చురుగ్గానే తిరిగేది, అయిదారు సెకన్లకు గానీ అందుకునేది కాదు. స్పార్కే అన్నాను. ప్లగ్గులు తీయించాను, ఏమీ లేదు. షెడ్డులో కుర్రాడు పెట్టె ముట్టుకోలేదు. తాళం ఆన్ చేసి, రెండు సెకన్లు ఆగి, ఆపాడు. మళ్లీ ఆన్ చేసి, ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టాడు. వెంటనే అందుకుంది! ట్యాంకులో పెట్రోలు పంపు వాల్వు పట్టు వదిలేసి, రాత్రికి రాత్రి ప్రెషరు దిగిపోతోందట. మాకు పంపు ఇంజను పక్కనే, కళ్లెదుట ఉండేది. ట్యాంకులో దాచమని ఎవడన్నాడు?

"తాళం ఆన్ చేసీసరికి ఎనక సీటు కింద పంపు జుమ్మంటాది, ఇను తాతా" అన్నాడు. ఒంగి చెవి పెట్టాను.

"ఇనబడిందా?"

"ఇనబడింది" అన్నాను. ఇనబడలేదు.