కొండయాత్రా పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

యానాం నుంచి సర్కారు కొలువు మీద వచ్చి పుదుచ్చేరి నటేశన్ నగర్‌లో స్థిరపడిన మా బావగారు మాఘమాసంలో ఒక శనివారం రాత్రి, భోంచేసిన కంచం ముందు నుంచి లేవకుండానే, కుటుంబ వాట్సాప్ గుంపులో ఈ పద్యం వెలయించారు. రాళ్ళగుట్టలకు పేరుమోసిన చెంజికి, అంటే ఇంగ్లీషువాళ్ళ జింజీకి, మర్నాడే అందర్నీ తోలుకుపోవడం కావ్యప్రయోజనం. ఛందస్సు ఆటవెలది. తొలి పాదంలో రేపు, మాప అని ప్రాసయతి ముచ్చటగా కుదిరింది. ఆటవెలదికి ప్రాస నియమం లేదు. బావగారి ప్రయాణాలకు ఏ నియమమూ లేదు.

మూలం

రేపు కొండ నెక్కి మాపటి కింటికి
వచ్చి వాలుదాము, భయము లేదు
మెట్లు కొన్ని కలవు, మేఘమే గొడుగౌను
నీళ్ళు కొంచె మున్న నెగ్గగలము

ప్రతిపదార్థం

రేపు = ఆదివారమున; కొండన్ ఎక్కి = చెంజి కొండను అధిరోహించి; మాపటికి = దీపాలు పెట్టే వేళకు; ఇంటికి వచ్చి వాలుదాము = నటేశన్ నగర్ చేరి సోఫాలో కూలబడదాము; భయము లేదు = చెప్పేవారికి జంకు లేదు; మెట్లు కొన్ని కలవు = మెట్లు కాసిని ఉన్నవి; మేఘమే గొడుగు ఔను = మబ్బే నీడ పట్టును; నీళ్ళు కొంచెము ఉన్నన్ = గుక్కెడు నీళ్ళుంటే; నెగ్గగలము = గెలిచి రాగలము.

వ్యాఖ్య

'కొండ నెక్కి': కవి ఏకవచనం వాడాడు. చెంజిలో కొండలు మూడు: రాజగిరి, కృష్ణగిరి, చంద్రగిరి. మూటినీ చుట్టి ఒకటే కోటగోడ. ఏ కొండ అన్నది మీమాంస.

రాజగిరే అని పూర్వపక్షం. అది సుమారు 800 అడుగుల ఎత్తు. శిఖరం అందబోయే చోట నిలువునా లోతైన చీలిక, దాటడానికి వంతెన. మొగలు సేనాని జుల్ఫికర్ ఖాన్ 1690లో ముట్టడి మొదలుపెడితే కోట చేతికి చిక్కేసరికి 1698 వచ్చింది. అప్పటికి లోపలున్న శివాజీ కొడుకు రాజారాం చల్లగా జారుకున్నాడు. ఎనిమిదేళ్ళ వ్యవహారం 'మాపటి కింటికి' అన్న మాటతో పొసగదు. దీనికి కవిగారి సమాధానం: 1750లో పుదుచ్చేరి ఫ్రెంచివారి సేనాని బుస్సీ ఒక్క రాత్రిలో పట్టలేదా? పట్టాడు. కానీ బుస్సీ వెంట మోకాళ్ళ నొప్పుల అత్తయ్యగారు లేరు.

కాబట్టి కృష్ణగిరి అని సిద్ధాంతం. తిరువణ్ణామలై రోడ్డుకు ఉత్తరాన ఉంటుంది, రాజగిరి కంటే పొట్టిది. పైన రంగనాథుడి గుడి, గుమ్మటపు కప్పున్న కొలువు మండపం ఉన్నాయి. అక్కడ నిలబడితే ఎదురుగా రాజగిరి మొత్తం కనిపిస్తుంది. ఎక్కకుండానే చూసిన పుణ్యం దక్కుతుంది. 2025లో యునెస్కో మరాఠాల కోటలు 12 ఏరి వారసత్వ జాబితాకెక్కించినప్పుడు, మహారాష్ట్ర బయట నుంచి చోటు దక్కింది ఈ చెంజి ఒక్కదానికే.

ఇక ఈ కొండల మీది రాళ్ళను ఎవరూ పేర్చలేదు. అది భూమి లోపల చల్లారి గట్టిపడ్డ రాయి, వయసు రెండు వందల కోట్ల ఏళ్ళ పైమాటే. పగుళ్ళలోకి నీరు దిగి, ముందు మూలలు అరిగి, పలకలు కాస్తా గుండ్లయ్యాయి. గుండు మొదట్లో వంగి చూస్తే అరచేతి మందాన పెచ్చు లేచి ఉంటుంది. పైన ఎండావానలకు నల్లబడ్డ చర్మం, దాని కింద నిన్ననే కోసినట్టున్న తెల్లని రాయి. రెంటి సందులో చీమల బారు.

ఆ మాత్రానికి వంగలేనివారు సాయంత్రం పుదుచ్చేరి బీచికి పోవచ్చు. గాంధీ విగ్రహం చుట్టూ ఉన్న చెక్కుడు రాతిస్తంభాలు చెంజి నుంచి ఫ్రెంచివారు తెచ్చినవే అంటారు. ఆ స్తంభాలకు ఆనుకుని మనం రోజూ పల్లీలు తింటున్నాం.

'వచ్చి వాలుదాము': ఉత్తమపురుష బహువచనం. ఈ 'మనం'లో ఎవరెవరున్నారో కవి చెప్పలేదు. దూరం ఇంచుమించు 70 కిలోమీటర్లు. బస్సులో అయితే తిండివనం మీదుగా పోవచ్చు. ఆ ఊరి పేరులో తిండి ఉంది కదా అని కవిగారు అక్కడ టిఫిను ఊహించారు. అది తింత్రిణీవనం, చింతతోపు. చింతపండు అనగానే పులిహోర, పులిహోర అనగానే తెల్లవారుజామున మూడింటికి లేచే మనిషి స్ఫురించాలి. ఆ మనిషి మా అక్క. 'వాలుదాము'లో ఆవిడ ఉన్నట్టా, లేనట్టా? వాలడంలో లేదు, వండడంలో ఉంది.

'భయము లేదు': కోతులను కవి విస్మరించాడు. చెంజి కోతులకు మనిషి మొహం అక్కర్లేదు, చేతిలో క్యారీబ్యాగు చాలు. పులిహోర డబ్బా జిప్పున్న వీపుసంచిలో పెట్టి, తినేది దిగివచ్చాకనే అని వ్యాఖ్యాతల ఏకాభిప్రాయం.

'మెట్లు కొన్ని': అంకె వేస్తే ఎవరూ రారని కవిగారి గడుసుదనం. రాతిమెట్లు, ఎత్తుల్లో పొంతన లేదు. కొన్నిచోట్ల మోకాలు గడ్డానికి తగులుతుంది. ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు కీళ్ళు పలుకుతాయి. అత్తయ్యగారిని రోడ్డుకు ఇవతల రాజగిరి అడుగున, కళ్యాణమహల్ దగ్గర చెట్ల నీడన కూర్చోబెట్టాలి. ఈ కోటనేలిన దేశింగు రాజు కథ ఆవిడకు వచ్చు. వినే పిల్లలిద్దరు తోడుంటే చాలు.

'మేఘమే గొడుగౌను': రూపకాలంకారం. అలంకారంలో లోపం లేదు, ఆకాశంలో మేఘం లేదు. ఈ తీరానికి మబ్బులు పట్టేది ఈశాన్య రుతుపవనంతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడైతే తడి రాయి కాలు నిలవనివ్వదు. మాఘంలో ఎండ నిజం, టోపీ దానికి విరుగుడు. పదిలోపు పైకి చేరి, రాయి కాలకముందే దిగాలి.

'నీళ్ళు కొంచె మున్న': ఈ పద్యానికి ఆయువుపట్టు. మనిషికి రెండు లీటర్లు లెక్క. కొండమీద కొట్టు లేదు, కుళాయి లేదు. ఆరుగురికి పన్నెండు లీటర్లు, అంటే పన్నెండు కిలోలు. మోసేదెవరన్నది కవి చెప్పలేదు. పద్యం పొడుగునా చెప్పనివన్నీ ఒకరి నెత్తినే పడుతున్నాయని సహృదయులు గ్రహించే ఉంటారు.

తాత్పర్యం

ఐదింటికి బయల్దేరి, కృష్ణగిరి ఎక్కి, ఎండ ముదరకముందే దిగి, చెట్టు కింద పులిహోర తిని, దీపాల వేళకు ఇల్లు చేరడం సులువే. పనులు పంచుకుంటే.

పాఠాంతరం

రాత్రి పదకొండింటికి అదే గుంపులో అక్క నాలుగో పాదాన్ని సవరించింది:

నీళ్ళు మీరె మోయ నెగ్గగలము

గణాలు సరిపోయాయి, యతి చెడలేదు. కవిగారు బొటనవేలి బొమ్మ పెట్టి ఆమోదించారు. ఈ పాఠమే గ్రాహ్యం.