పెళ్లాం జీతం మీద సిక్సర్లు

2019 ఏప్రిల్‌లో తెలుగు సినిమా ఒకే మొగుణ్ణి రెండు వారాల తేడాతో రెండుసార్లు రిలీజ్ చేసింది. 5న ‘మజిలీ’. విశాఖలో క్రికెటర్ కాలేకపోయిన మొగుడు తాగి తిరుగుతుంటాడు, ఉద్యోగం చేసే పెళ్లాం ఇల్లు నడుపుతుంది. 19న ‘జెర్సీ’. హైదరాబాద్‌లో క్రికెట్ మానేసిన మొగుడు స్నేహితులతో కూర్చుంటాడు, హోటల్ రిసెప్షన్‌లో నిలబడే పెళ్లాం ఇల్లు నడుపుతుంది. రెండూ ఆడాయి. బెజవాడ జనం రెండింటికీ ఏడ్చారు. సగటు తెలుగు మొగుడికి అంతకంటే ఏం కావాలి? ఖాళీగా కూర్చోవడానికి ఒక కారణం, దానికో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్.

‘జెర్సీ’నే తీసుకుందాం, జాతీయ అవార్డు దానికే ఇచ్చారు కాబట్టి. గౌతమ్ తిన్ననూరి శ్రద్ధగా తీశాడు, నాని బాగా చేశాడు. కాదనను. ఆ బాగా చేయడమే కొంప ముంచింది. చెత్తగా చేసుంటే ఈ అర్జున్ అనే మనిషి పదేళ్లుగా ఏం చేస్తున్నాడని ఎవరో ఒకరు అడిగేవాళ్లు.

ఏం చేస్తున్నాడు? సర్కారు ఉద్యోగంలో సస్పెండయ్యాడు. యాభైవేలు ముట్టజెబితే ఉద్యోగం వెనక్కొస్తుంది, కానీ ఇవ్వనంటాడు. లంచం ఇవ్వననడం గొప్పే, చప్పట్లు కొట్టాలి. ఆ నిజాయితీకి నెలనెలా కిస్తీ కట్టేది మాత్రం అతని పెళ్లాం సారా. కొడుకు ఐదొందల జెర్సీ అడుగుతాడు. 1996లో ఐదొందలు చిన్న డబ్బేం కాదు, ఒప్పుకుంటా. దాని కోసం మనవాడు అందరినీ అప్పడుగుతాడు, పెళ్లాం పర్సు తెరుస్తాడు. పని మాత్రం వెతుక్కోడు. మన బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్లో మూటలెత్తే మనిషికి ఈ కథ చెబితే, ‘రేపు తెల్లారి నాలుక్కి రమ్మనండి’ అంటాడు, అంతే. సినిమా అక్కడితో అయిపోతుంది, ఇంటర్వెల్ కూడా అక్కర్లేదు.

చివరికి మళ్లీ బ్యాటు పట్టి, జట్టులోకి తీసుకున్నారని తెలిశాక హీరో రైల్వే ప్లాట్‌ఫారం మీదికొచ్చి, రైలు పోతున్న హోరులో గొంతు చించుకుని అరుస్తాడు. ఆ సీనుకి గాంధీనగర్ హాల్లో నా ముందు వరసలో ఒకాయన చొక్కా అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. పక్కన ఆయన భార్య. డ్యూటీ నుంచి సరాసరి వచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు కూడా తీయలేదు, ఒళ్లో క్యారేజీ సంచి. నిద్రపోతోంది. అంత రైలు పోయినా లేవలేదు. ఆ సినిమా మీద నేను చూసిన సమీక్షల్లో నాకు నచ్చింది అదొక్కటే.

చివర్లో తెలుస్తుంది, మనవాడికి గుండెజబ్బు. ఆట మానేసింది అందుకేనట. ఈ ఒక్క ముక్క దర్శకుడు ఇంటర్వెల్‌కి ముందే చెప్పుంటే మనం సారా పక్కన నిలబడేవాళ్లం. అందుకే చివరిదాకా జేబులో దాచిపెట్టి, అతగాడు ఆడి చచ్చిపోయాక బయటికి తీశాడు. పోయినవాణ్ణి ఎవరు తిడతారు? పదేళ్లపాటు అతణ్ణి సోమరి అనుకున్నందుకు మనమే తలొంచుకుని స్కూటర్ స్టాండ్ వైపు నడవాలి. 2022లో ఇదే దర్శకుడు ఇదే కథని షాహిద్ కపూర్‌తో హిందీలో తీస్తే ఉత్తరాది జనం పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ల గుండె మనకంటే గట్టిదేమో.

ఇంకో మాట. 36 ఏళ్లకి మైదానంలోకి తిరిగి రావడం ఈ సినిమాలో ఓ మహాద్భుతం. 1932లో లార్డ్స్‌లో ఇండియా తొలి టెస్టుకి కెప్టెన్‌గా దిగిన రోజునే సి.కె. నాయుడి వయసు అంత. ఆంధ్ర జట్టు రంజీలో మొదటిసారి కాలుపెట్టిన 1953-54లో మన కెప్టెనూ ఆయనే, అప్పటికి షష్టిపూర్తికి రెండేళ్లు తక్కువ. అరవై దాటాక కూడా ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడాడు. ఏ రైలు ముందూ అరిచినట్టు ఎక్కడా రాసిలేదు. తరవాతి మ్యాచ్‌కి వెళ్లడానికి రైలెక్కి ఉంటాడు.

నిజంగా వెలిసిపోయిన ఆటగాణ్ణి చూడాలంటే బెజవాడ వాళ్లకి సినిమా టిక్కెట్టు దండగ. బందరు రోడ్డు మీద ఇందిరాగాంధీ స్టేడియం ఉంది. 2002 నవంబరు 24న వెస్టిండీస్‌తో వన్డే జరిగింది. మార్లన్ శామ్యూల్స్ సెంచరీ కొట్టి పోయాడు, మనం 135 పరుగుల తేడాతో ఓడాం. పురుషుల అంతర్జాతీయ క్రికెట్‌లో పాపం స్టేడియానికి అదే అరంగేట్రం, అదే వీడ్కోలు. తరవాత అలాంటి మ్యాచ్ దాని మొహం చూడలేదు. జెండా వందనాలకీ సభలకీ నిలబడుతోంది. దాన్ని జెర్సీ అడిగే కొడుకు కూడా లేడు.

అసలు నా కడుపుమంట ఇదీ. మన తెరమీద వాడిపోయే హక్కు మగ ఆటగాడికే ఉంది. ఆడపిల్ల ఎదగాలి, గెలవాలి, కప్పు పట్టుకోవాలి, తెర పడాలి. 1991లో ‘అశ్విని’ నుంచి 2019లో ‘కౌసల్య కృష్ణమూర్తి’ దాకా అంతే. ముప్ఫై ఆరేళ్లకి ఆట తగ్గిపోయిన ఆడమనిషి మన కథకుల కంటికి ఆనదు. ఆవిడ క్రీడాకారిణి కాదు, పిల్లల తల్లి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ నుంచి వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం తెచ్చిన శ్రీకాకుళం మల్లీశ్వరి తల్లయ్యాక కూడా తిరిగొచ్చి 2004లో ఏథెన్స్‌లో బరువు దగ్గర నిలబడింది. పతకం రాలేదు. అంతకంటే మంచి ‘జెర్సీ’ ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ మీద సినిమా అని 2020లో ప్రకటించారు. ఐదేళ్లు గడిచినా తెర మీదికి రాలేదు.

ఇక మన పక్కూరి కథ. కోనేరు హంపి గుడివాడలో పుట్టింది. 2002లో 15 ఏళ్లకే చెస్ గ్రాండ్‌మాస్టర్. పెళ్లయింది, పాప పుట్టింది, 2016 నుంచి 2018 దాకా రెండేళ్లు బోర్డుకి దూరంగా ఉంది. ‘ఇంకేం ఆడుతుందిలే’ అని మనవాళ్లు దయగా తేల్చేశారు. అదే 2019లో, అర్జున్ గారి కోసం మనం చొక్కాలు తడుపుకున్న ఆ 2019లోనే, డిసెంబరులో మాస్కో వెళ్లి మహిళల ప్రపంచ ర్యాపిడ్ కిరీటం పట్టుకొచ్చింది. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడిపోయి, మళ్లీ అదే కిరీటం. అప్పటికి 37, అర్జున్ కంటే ఒకేడు ఎక్కువే. 2025 జులైలో బతుమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ దాకా పోయి, తన వయసులో సగమున్న దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడింది.

ఈ కథ పట్టుకుని గాంధీనగర్‌లో ఏ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు మెట్లెక్కినా ఏమవుతుందో నాకు తెలుసు. ఫ్యాను కింద కూర్చున్న పెద్దమనిషి ఓపిగ్గా వింటాడు. ‘బాగుందండీ. మరి హీరో ఎవరు?’

‘ఆవిడేనండి.’

‘అది సరే. భర్త ఏం త్యాగం చేస్తాడు?’

‘ఆవిడ టోర్నమెంట్లకి పోతే పాపని అమ్మమ్మా తాతయ్యా చూసుకుంటారండి.’

‘చివర్లో ఎవరు పోతారు?’

‘ఎవరూ పోరండి. ఓడిపోయి ఇంటికొచ్చి, తరవాతి టోర్నమెంటుకి వెళ్తుంది.’

పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. ‘పోనీ ఆవిడ చెస్సాడుకోవటానికి వీలుగా ఆయన ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నట్టు పెడదాం. పేరు ఆయన మీద పెట్టి, కథ ఆయన వైపు నుంచి చెబుదాం. నాని డేట్లు ఉన్నాయేమో కనుక్కోండి.’