పీడీఎఫ్ దాతా, సుఖీభవ!

పీడీఎఫ్ దాతలారా, దేవరకొండ నుంచి మీకో దండం. పొద్దుగాల మొహమైనా కడగకముందే ఎనిమిది వందల పుటల గ్రంథాన్ని వాట్సాప్‌లోకి తోసేసి, తెలుగును ఉద్ధరించామని తృప్తిగా చాయ్ తాగే మీ ఔదార్యం ముందు మా కోట బురుజులు కూడా పొట్టివే. ఫైలు పేరులో పుస్తకం పేరుండదు, అంకెలుంటాయి. తెరిస్తే అట్ట లేదు, నడుమ కొన్ని పుటలూ లేవు. స్కాన్ చేసినాయన బొటనవేలు మాత్రం గీతలతో సహా భద్రం.

ఇంట్లో ప్రింటు తీసుకుని చదువుకోవాలనుకునే పిచ్చివాడి గోడు మీకెందుకు! పుట బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్‌కు అప్పజెప్తే 'మామ' కాస్తా 'వూవు' అవుతాడు. సున్న ఇంగ్లిష్ అంకెగా మారుతుంది. అరసున్న బ్రాకెట్టవుతుంది, బండి ఱను చూసి యంత్రం జడుసుకుంటుంది. పాత అచ్చులో మాట వరుస చివర విరిగి కిందికి దిగుతుంది కదా, యంత్రం అక్కడో ఎంటర్ కొడుతుంది. దాంతో రాజుగారు 'రా' ఒకచోట, 'జు' ఇంకోచోట దొరుకుతారు. విసిగి ఎంటర్లన్నీ ఒక్క వేటుకు తీసేస్తే వచనం బాగుపడుతుంది, పద్మనాయకుల కాలపు కవి గౌరన ద్విపద మాత్రం ఒకే పేరాగా కుప్పకూలుతుంది. పోనీ డీటీపీ సెంటరుకు పోదామా? అక్కడ పేజ్‌మేకరు, అను ఫాంట్లు. యూనికోడ్ పాఠం పేస్టు చేస్తే పేజీ నిండా ప్రశ్నార్థకాలే. న్యాయమైన ప్రశ్నలే లెండి.

మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డిగారు, నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్నవాళ్లకు జవాబుగా 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 1953లో కన్నుమూశారు. కాపీరైటు చట్టం చెప్పిన 60 ఏళ్లు నిండి, 2014 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరి సొత్తు. మనమేం తక్కువ తిన్నామా? 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయన పేరిట ఉచిత ఫాంటూ ఉంది. ఆయన 354 మంది కవులను వెతికి పట్టుకున్నారు, మనం 354 అచ్చుతప్పులు పట్టుకోలేమా అంటే, అబ్బే, తీరిక లేదు.

ఆ తప్పులు దిద్దే చోటు లేక కాదు, వికీసోర్స్ అనే ఉచిత గ్రంథాలయం ఉంది. అందులో దిద్దని పుట ఎర్రగా ఉంటుంది. ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. పైసా ఖర్చు లేదు, ఫోనులోనే పని. కానీ రెండో మనిషేడీ? భాషాభిమానిగారిని అడగండి: కళ్లజోడు మారింది, అబ్బాయికి తెలుగు చదవడం రాదు, ఈ ముసలి సున్నలతో ఎవరు వేగుతారు? మాతృభాషా దినోత్సవ సభకు మాత్రం అధ్యక్షులు ఆయనే. ఆహ్వానపత్రంలో తన పేరుకు ఒక్క ఒత్తు తగ్గినా చాలు, వెయ్యి కాపీలూ చింపించి మళ్లీ అచ్చువేయిస్తారు.