వెలిగొండ నిర్వహణ శాస్త్రం

పెద్ద ప్రాజెక్టులకు ఎలా ప్రణాళిక వేయాలో, వాటిని ఎలా నడిపించాలో దేశదేశాల విశ్వవిద్యాలయాలు బోధిస్తున్నా, పశ్చిమ ప్రకాశంలో మూడు దశాబ్దాలుగా వర్ధిల్లుతున్న ప్రత్యేక సంప్రదాయాన్ని ఏ పాఠ్యగ్రంథమూ గుర్తించకపోవడం శోచనీయం. పుస్తకాల ప్రకారం ప్రాజెక్టుకు ఒక ఆరంభం, ఒక ముగింపు ఉండాలి. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం సంప్రదాయంలో ఆరంభాలు ఎన్నయినా ఉండవచ్చు, ముగింపు నీళ్లకంటే ముందే రావచ్చు.

ఈ సంప్రదాయానికి మూలం పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. శ్రీశైలం జలాశయపు ఒడ్డున కొల్లంవాగు దగ్గర 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని అందుకుని (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్ల చొప్పున సాగే రెండు సొరంగాల గుండా ఇవతలికి తెచ్చి, సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల నడుమ ఖాళీలను కట్టలతో మూసి ఏర్పరచే నల్లమల సాగర్‌లో నిలిపి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు పారించాలన్నది పథకం. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిన పల్లెలకు తాగునీరివ్వడం కూడా ఇందులో భాగమే కనుక, అవసరం గురించి ఎవరికీ సందేహం లేదు.

1996 మార్చి 5న చంద్రబాబునాయుడు శంకుస్థాపన చేశారు. 2004 అక్టోబరులో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పనులకు మళ్లీ శ్రీకారం చుట్టారు. ఒక్క కొబ్బరికాయకు కదలని కొండ రెండోదానికైనా కదులుతుందన్న ఇంజనీరింగ్ సూత్రం ఇక్కడ పనిచేసి ఉండాలి. 1963లో ముగియవలసిన సిడ్నీ ఒపేరా హౌస్ 1973 దాకా సాగినందుకే ఆలస్యానికి ఉదాహరణగా ప్రపంచమంతటా పేరుపడిందంటే, అది కేవలం ప్రచార మహిమ. పదేళ్ల జాప్యం వెలిగొండకు ఒక లెక్కా?

గడువుల నిర్వహణలోనూ ఈ ప్రాంతానికి సహజమైన సౌలభ్యం ఉంది. శిలాఫలకం మీద చెక్కిన తేదీని చెరపడం కష్టం. మార్కాపురం పలక మీద రాసినదైతే తడిగుడ్డతో పోతుంది. అందుకే కాబోలు, ఆరంభాల తేదీలు రాతి మీదికి, పూర్తిచేసే తేదీలు పలక మీదికి చేరుతూ వచ్చాయి.

సొరంగాల సంగతి మాత్రం హాస్యానికి లొంగదు. పైన పెద్దపులుల అభయారణ్యం ఉన్నందున మధ్యలో పక్కదారులు తవ్వి నాలుగైదు చోట్ల ఒకేసారి పని సాగించే వీలు లేక, బోరింగ్ యంత్రం మొరాయించిన ప్రతిసారీ దాని వెనుక పనంతా నిలిచిపోయేది. అయినా మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో ముగిశాయి. కొండ లోపల చెమటోడ్చినవారికి ఆ ఘనత దక్కాలి. ఇదే ప్రాంతంలోని కంభం చెరువును విజయనగర కాలంలో కట్టినవారికి సమగ్ర ప్రాజెక్టు నివేదిక, అంటే డీపీఆర్, అన్నది తెలియదు గనుక వారు చెరువును కట్టేశారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

నిర్వహణ శాస్త్రంలో ‘క్రిటికల్ పాత్’ అనే మాట ఉంది: ఏ పనులు ఒక్కరోజు వెనకబడినా ప్రాజెక్టంతా ఒక్కరోజు వెనకబడుతుందో, ఆ పనుల వరుస అది. వెలిగొండలో ఆ వరుస కొండ లోపలే ఉందని అందరూ అనుకున్నారు గానీ, జలాశయం కింద మునిగే 11 గ్రామాల పునరావాసం కూడా అందులోదే. యంత్రానికి తిథి వార నక్షత్రాలు చూసినవారు పునరావాసానికి మాత్రం పంచాంగం తెరవలేదు. ఆ పని మిగిలి ఉండగానే, 2024 మార్చి 6న జగన్మోహనరెడ్డి ప్రభుత్వం రెండు సొరంగాలనూ జాతికి అంకితం చేసింది. ఆనాటికి ముంపు గ్రామాల జనం పూర్తి పరిహారం అందక తమ ఇళ్లలోనే ఉన్నారు. వారు కదలనిదే నల్లమల సాగర్‌లో చుక్క నిలపడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. కనుక కొత్త గడువు ప్రకటించదలచిన పాలకులు, ఏ పార్టీవారైనా సరే, ఆ కుటుంబాల ఖాతాల్లో డబ్బు పడే తేదీని ముందుగా ప్రకటించాలి.