కోచ్ కుర్చీలో నాకు పనిలేదు

నేను బ్లాక్ బెల్టును. నూలుగుడ్డను మడతల మీద మడతలు పేర్చి, ఆ కొస నుంచి ఈ కొస దాకా కుట్లు వేస్తే తయారైనదాన్ని. జూడో అంగీ మీద నడుం చుట్టూ రెండు చుట్లు తిరిగి బొడ్డు దగ్గర ముడిపడటం నా ఉద్యోగం. నన్ను చూసి జనం జడుసుకుంటారు గానీ, అంగీ ఊడకుండా ఆపడమే నా అసలు పని. ఎందరో పట్టుకుని గుంజగా గుంజగా అంచులు తెల్లబడ్డాయి.

నన్ను కట్టుకున్నాయన యసుహిరో యమషిత. 1957లో జపాన్‌లోని కుమమొతోలో పుట్టాడు. 1977 నుంచి 1985 దాకా, ఏడు డ్రాలు పక్కనపెడితే, వరుసగా 203 విజయాలు. ఈ లెక్క అందరూ చెప్పేదే. మాస్కో ఒలింపిక్స్ నాటికి ఆయనను ఓడించేవాడే లేడు. అఫ్గానిస్థాన్‌లోకి సోవియట్ సేనలు వెళ్ళాయని 1980లో జపాన్ ఆ పోటీలకే వెళ్ళలేదు. ప్రత్యర్థి ఎదురుగా ఉంటే పడగొట్టొచ్చు, ప్రభుత్వాన్ని ఏం చేస్తాడు? నలుగురి ముందే ఏడ్చాడు.

ఇక 1984, లాస్ ఏంజెలెస్. అప్పట్లో ఇద్దరివీ తెల్ల దుస్తులే. ఎవరు ఎవరో తెలియాలని నా మీద ఇంకో రంగు పట్టీ కట్టేవారు. రెండో పోటీలోనే కుడికాలి పిక్క కండరం చిట్లింది. మా ఆయన ఎడమవాటం మనిషి. ఎడమకాలితో ప్రత్యర్థి కాలిని ఊడ్చి పడగొట్టాలంటే ఒళ్ళంతా ఆ కుడికాలి మీదే ఆనాలి. సెమీస్‌లో ఫ్రెంచివాడు ముందు పాయింటు కొట్టాడు. కుంటుతూనే వాణ్ణి గెలిచి, ఫైనల్లో ఈజిప్టు వీరుడు రష్వాన్‌ను నేలకు అదిమిపట్టేశాడు. గాయపడ్డ కాలి జోలికి రష్వాన్ పోలేదని లోకం చెప్పుకుంది. అందులో నిజమెంత అన్నదానిపై వాదనలున్నాయి. పతకాల వేదిక ఎక్కడానికి చెయ్యి అందించింది మాత్రం ఓడిన ఆ రష్వానే.

1985లో పోటీలు మానేసి, 1992 నుంచి 2000 దాకా జపాన్ పురుషుల జట్టుకు కోచ్‌గా ఉన్నాడు. సాధనలో నేను నడుం మీదే ఉండేదాన్ని. పోటీలప్పుడు ఆయన కుర్చీలో కూర్చునేవాడు, నాకు పనిలేదు. అందుకే సిడ్నీ ఒలింపిక్స్ సంగతి విన్నదే చెబుతున్నాను. 2000లో హెవీవెయిట్ ఫైనల్. ఫ్రాన్సు వీరుడు డూయే ఎత్తును మా జపాన్ వీరుడు షినొహర తప్పించుకుని ఎదురు విసిరాడు. ఒక న్యాయనిర్ణేత షినొహరకు ఇప్పోన్, అంటే పూర్తి విజయం, అన్నాడు. మిగతా ఇద్దరూ డూయేకే పాయింటు ఇచ్చారు. మా ఆయన అభ్యంతరం చెప్పాడు. రిఫరీలు బరి వదిలి వెళ్ళాక తీర్పు మారదన్నది నిబంధన. తీర్పు తప్పేనని అంతర్జాతీయ జూడో సమాఖ్య తర్వాత ఒప్పుకుంది, పతకం మాత్రం మారలేదు. తాను బలహీనుణ్ణి కాబట్టే ఓడానన్నాడు షినొహర. నన్నడిగితే, 203 విజయాల మనిషికి ఆ కుర్చీలో కూర్చోవడమే పిక్క చిట్లిన నాటికన్నా కష్టం.

అదే సిడ్నీలో ఆయన శిష్యుడు కోసెయ్ ఇనౌయె, చనిపోయిన తల్లి ఫొటో పట్టుకుని బంగారు పతకం అందుకున్నాడు. 2012లో లండన్‌లో జపాన్ పురుషులకు ఒక్క స్వర్ణమూ రాలేదు. ఆ జట్టు పగ్గాలు తర్వాత ఇనౌయె చేతికే వచ్చాయి. 2021లో టోక్యోలో ఏడు విభాగాల్లో ఐదు స్వర్ణాలు వాళ్ళవే. కోచ్‌లకు ఒలింపిక్స్‌లో పతకం ఇవ్వరు.