రౌటర్‌కు రాత్రి కర్ఫ్యూ

రాత్రి పది కొట్టగానే ఇంటి పెద్దాయన రౌటర్ స్విచ్ కట్టేస్తారు. కరెంటు ఆదా అట! పది వాట్ల పెట్టె ఎనిమిది గంటలు నిద్రపోతే మిగిలేది 0.08 యూనిట్. తెల్లారగానే ఆయనే రెండు వేల వాట్ల గీజర్ వేసి, పేపర్లో మునిగిపోతారు. రాత్రంతా కూడబెట్టింది రెండున్నర నిమిషాల్లో హారతి కర్పూరం! పైగా, అమెరికాలో ఉన్న అమ్మాయికి తీరిక దొరికి వాట్సాప్ కాల్ చేసేదీ సరిగ్గా రౌటర్ నిద్రపోయే వేళకే. ఇక అబ్బాయిగారి కంప్యూటర్ ‘అప్‌డేట్ అవుతోంది, ఆపకండి’ అంటూ వారం నుంచీ వెలుగుతూనే ఉంది. దాని జోలికెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. అయ్యా, ఉరుముల వాన వచ్చేలా ఉంటే ముందే రౌటర్, కంప్యూటర్ రెండింటి ప్లగ్గులూ పీకేయండి, స్విచ్ కట్టేస్తే చాలదు. మిగతా రాత్రుళ్లు రౌటర్‌ను వదిలేసి, గీజర్ మీద ఓ కన్నేయండి.